వదలొద్దని చేసిన ప్రార్థన

సహోదరులారా, మా తమ్ముడు జోసెఫ్ రెండోసారి తాగి స్కూటరు నడిపి పట్టుబడిన నాటికి మా ఇంట్లో నవ్వు అనేదే లేదు, అమ్మ గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది, నేను వాడితో పోట్లాడేదాన్ని, నా నోటి సంగతి బిలాస్‌పూర్ తెలుగు సంఘంలో తెలియనివాళ్లు లేరు.

ఆ స్కూటరు మా నాన్నది. నాన్న రైలింజను డ్రైవరు. డ్యూటీ ఎక్కే ముందు గొట్టంలోకి ఊదాలి, తాగలేదని మిషను ఒప్పుకుంటేనే ఇంజను ఎక్కనిస్తారు, ఆ సంగతి ఆయన ఎంత గర్వంగా చెప్పేవారో. ఆదివారం ఉదయం క్వార్టరు ముందు స్కూటరు తీసి, అమ్మనీ నన్నూ వెనకాల కూర్చోబెట్టుకుని, ముందు నిలబడ్డ తమ్ముడి నోటి దగ్గర అరచెయ్యి చాపి, "ఊదరా డ్రైవరూ" అనేవారు. వాడు బుగ్గలు ఉబ్బించి ఊదేవాడు. ఆయన వాసన చూసి, "పాలు తాగొచ్చాడు, ఫిట్" అని వాడి చెయ్యి హారన్ మీద పెట్టేవారు. పెరళ్లలో మునగచెట్లు, వంటిళ్లలోంచి పోపు వాసన, షెడ్డు వైపు నుంచి ఇంజను కూత, వీటన్నిటి మధ్య హారన్ మోగించుకుంటూ మందిరానికి వెళ్లేవాళ్లం. నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లాక స్కూటరు తాళం తమ్ముడికి వచ్చింది, ఊదమనే చెయ్యి లేకుండా పోయింది.

మొదటిసారి పోలీసులు వాడిచేత ఊదించినప్పుడు అమ్మ పెద్దమనుషుల చేత చెప్పించి జరిమానాతో విడిపించుకొచ్చింది, సంఘమంతా స్తోత్రం చెప్పింది. వాడు మళ్లీ అదే స్కూటరెక్కాడు. రెండోసారి మస్తూరీ రోడ్డులో పాలుపోసే భయ్యా సైకిలును గుద్దేశాడు, ఆయన కాలు విరిగింది.

తీర్పుకు ముందు మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. "ప్రభువా, బిడ్డను విడిపించు" అని అందరూ ఏడుస్తుంటే నా వంతు వచ్చింది. "ప్రభువా, వీణ్ణి వదలనియ్యకు. జైల్లో పెట్టించు, తాళం లాక్కో. ఆ భయ్యా కాలు బాగుచెయ్యి. మా నాన్న చేతిలోకి ఊదిన పిల్లాణ్ణి మాకు తిరిగివ్వు" అన్నాను. ఆమెన్ ఎవరూ అనలేదు.

"ఏటే, అందరి ప్రార్థనా ఒకటి, నీదొకటీనా? నువ్వు తోడబుట్టిన అప్పవా, జడ్జీవా?" అంది అమ్మ. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది.

జడ్జిగారు జైలుశిక్ష వేశారు, లైసెన్సు రద్దు చేశారు. "అచ్ఛా, క్రైస్తవురాలివి కదా, క్షమించొద్దా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. క్షమించడం నా పని, తాళం లాక్కోవడం సర్కారు పని. తాగి ఇంజను ఎక్కబోతే డ్యూటీలోంచి దించేస్తారు, మరి తాగి రోడ్డెక్కినవాడు రసీదు పుచ్చుకుని ఇంటికి పోవాలా? రెండోసారి దొరికినవాడికి శిక్ష ఇంకా గట్టిగా ఉండాలనే ఇప్పటికీ వాదిస్తాను, ఎవరొస్తారో రండి.

జైల్లో మందు దొరక్క వాడు నన్ను తిట్టాడు, చూడ్డానికి వెళ్తే ముఖం తిప్పుకున్నాడు. నాన్న పాటల పుస్తకం ఇచ్చొచ్చాను. హిందీ బళ్లో చదివినవాడు, రాగాలన్నీ వచ్చుగానీ తెలుగు అక్షరాలు సరిగా రావు, ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాడు. ఒకరోజు ఇనప జాలీ అవతలి నుంచి, "అప్పా, విమోచన అంటే ఏటి?" అన్నాడు.

"విడిపించడంరా."

"మరి నేనింకా లోపలే ఉన్నాను కదా."

"ప్రభువు ముందు సీసా నుంచి విడిపిస్తున్నాడు. గేటు తర్వాత."

"అయితే తొందరేం లేదులే" అన్నాడు వాడు. ఎన్నో ఏళ్లకి వాడు నవ్వగా చూశాను. ఆ రోజు నుంచి వాడు ప్రార్థన మొదలుపెట్టాడు, బయటికొచ్చాక కూడా సీసా ముట్టలేదు, ఇంకా కుంటుతూనే ఉన్న ఆ భయ్యా పాలక్యాన్లు ఇప్పుడు వాడే మోస్తున్నాడు.

విడుదలయ్యాక మొదటి ఆదివారం మందిరానికి నడిచి బయల్దేరాం. గేటు దగ్గర అమ్మ ఆగి, వాడి నోటి ముందు అరచెయ్యి చాపింది. నెరిసిన గడ్డంతో వాడు బుగ్గలు ఉబ్బించి ఊదాడు. అమ్మ వాసన చూసి, "చాయ్ తాగొచ్చాడు" అంది, నా వైపు తిరిగి, "ఏటే అలా చూస్తావు, ఫిట్ అని చెప్పు" అంది. ఇన్నాళ్ల తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది.

దేవునికే మహిమ. మీ ఇంట్లోనూ ఇలాంటి కొడుకో తమ్ముడో ఉంటే, ప్రియులారా, వాడికి బెయిలు ఒక్కటే అడక్కండి, వాణ్ణి మొత్తంగా ఆయనకు అప్పగించి నమ్మండి. ఆయన మూసిన తలుపు వెనక కూడా ఆయనే ఉన్నాడని నేను చూశాను. మీకు నమ్మకం కుదరకపోతే ఆదివారం ఉదయం మా గేటు దగ్గరికి రండి, అమ్మ చెయ్యి చాపే ఉంటుంది.