శాలువా పళ్లెం

అనంతపురం పక్క ఒక పల్లె స్టేషన్లో కానిస్టేబుల్‌ని నేను. చేరినప్పటి నుంచీ రిసెప్షన్ బల్ల కాడే కూర్చోబెట్టినారు. మహిళా ఎస్సై వచ్చి, "ఇంక మగోళ్ల డ్యూటీలన్నీ మనమూ చేద్దాం సుజాతా" అంటే పొంగిపోయినా.

గొర్రెల దొంగతనాలు ఎక్కువైతే, మేడమే నన్ను మామూలు చీరలో సంతకు పంపింది. మా ఊరి కాపర్లు గుర్తుకోసం గొర్రె చెవికి పెట్టే గాటు చూసి పసిగట్టి, బేరమాడతానే దొంగ చొక్కా పట్టుకున్నా. వాడు కత్తితో చేయి కోసినా వదల్లేదు. జీపు కాడున్న మా స్టేషన్ కానిస్టేబుల్ రమణన్న ఉరికొచ్చి బేడీలేసినాడు.

వారానికి పెద్దసారు మెచ్చుకోను వస్తాన్నాడంటే, నాకే అనుకొని స్టేషన్ ముందర ముగ్గు కూడా వేసినా. మేడం మాత్రం, "దొంగను మా రమణ పట్టినాడు సార్" అనేసింది. రమణన్న తలొంచుకొనే శాలువా కప్పించుకున్నాడు.

తర్వాత అడిగితే, "ఆడపిల్లను పంపి చేయి కోయించినావని నన్నంటారమ్మా. రేపట్నుంచి రిసెప్షన్ చూసుకో" అనింది.

మగోళ్లు వద్దన్నప్పుడు ఎప్పుడూ ఏడవలేదు, ఆ పొద్దు ఏడ్చినా. ఆ శాలువా పళ్లెం పట్టుకొని సారు పక్కన నిలబడింది నేనే, కట్టు కట్టిన చేత్తోనే.