అబహా కొండ మీద నా ప్రదక్షిణ

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను. ఈలోగా మావాళ్లు నా కథను నోటికొచ్చినట్టు చెప్పుకుంటూ పోయారు. మా వదిన చెబితే కోతులు నలభై, మా మరిది చెబితే నాలుగు వందలు. ఒక పెళ్లిలో ఎవరో ఏకంగా నన్ను కోతి ఎత్తుకుపోయిందని కూడా చెప్పారట. అంతదాకా రాలేదు. జరిగింది అంతకన్నా ఘోరం. అది నా చేత్తో నేనే రాస్తున్నాను, చదవండి.

అప్పుడు నేను సౌదీలో, అబహా అనే కొండ ఊళ్లో, ఒక తెలుగు డాక్టరమ్మ ఇంట్లో వంటమనిషిని. పెళ్లాం పిల్లలను వెంట ఉంచుకుంటే మనిషికింత అని లెవీ కట్టాలన్న రూలు వచ్చిన కాలం. ఏ ఇంట చూసినా కుటుంబాలను ఊరికి పంపే అట్టపెట్టెలు, తాళ్లు. డాక్టరమ్మ కూతురు కీర్తన హైదరాబాదు కాలేజీలో జంతువుల చదువు చదువుతూ చలికాలం సెలవులకు వచ్చింది. ఈసారి వెళ్తే ఆ పిల్లకు ఫైనల్ ఎగ్జిట్, మళ్లీ వచ్చేది లేదు. వెళ్లేలోగా మంచులో తిరిగే అడవి జంతువు ఫొటో ఒకటి తీసి కాలేజీకి పంపాలి. ఫొటో లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఏడాది పోయినట్టే.

ఎడారి దేశంలో మంచేమిటంటారా? అబహా కొండల మీద ఒక్కోసారి వడగళ్లు కురిసి కురిసి నేలంతా తెల్లబడుతుంది. ఎండ ముదిరిందా, మాయం. కీర్తన ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా ఒక మంగళవారం తెల్లవారేసరికి కొండ పిండి చల్లినట్టయింది. డ్రైవర్ ఖాన్ భాయ్, పెషావర్ మనిషి, మమ్మల్ని పైకి తీసుకెళ్లాడు.

రోడ్డు మలుపులో కారు ఆగింది. తెల్లటి బండల మీద వరసగా కోతులు! మన ఊరి కోతులు కావు. మగవాటికి భుజాల నిండా వెండి జూలు. అన్నిటికన్నా పెద్దది, శాలువా కప్పి సన్మానం చేశాక వేదిక దిగడం మరిచిపోయిన పెద్దమనిషిలా కళ్లు మూసుకుని కూర్చుంది.

"బబూన్లు!" కీర్తన గుసగుసలాడింది. "రాజక్కా, నువ్వు మాత్రం కారు దిగకు. మనుషులొచ్చారని వాటికి తెలియకూడదు."

"బాజీ, బందర్ కో కుచ్ మత్ దేనా," అన్నాడు ఖాన్ భాయ్, కోతులకేమీ పెట్టొద్దని. "పోలీస్ ఫైన్ మారేగా."

"మై పాగల్ హూఁ క్యా?" అన్నాను, నాకేమన్నా పిచ్చా అని.

ఆయన జవాబు చెప్పలేదు. మంచి మనిషి.

కీర్తన కెమెరా పట్టుకుని వడగళ్ల మీద బోర్లా పడుకుంది. ఖాన్ భాయ్ కారు వెనక స్టవ్ పెట్టి చాయ్ కాచడం మొదలెట్టాడు. నేను లోపల కూర్చుని ఆలోచనలో పడ్డాను. నాకు ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఆపి ఉంటే ఎంత బాగుండేది!

మా జగిత్యాల దగ్గరి కొండగట్టు ఆంజనేయుడికి నేను మొక్కిన మొక్కు ఏళ్లుగా బాకీ. ఈ దేశంలో గుడి లేదు. ఇవాళ మంగళవారం. ఎదురుగా స్వామి, అదీ సపరివారంగా. చుట్టూ వెండికొండ. (వెండికొండ శివుడిదని ఆ క్షణాన తట్టలేదు.) ఒళ్లో మధ్యాహ్నానికి తెచ్చిన అరటిపళ్ల అత్తం.

పళ్లు చీర మీద వేసుకున్న నల్ల అంగీ, అదే అబాయా, కింద దాచి, అవతలి వైపు తలుపు తీసి దిగాను. బండలు చుట్టి వెనకనుంచి వెళ్లి పెద్దాయన ముందు ఒక పండు పెట్టాను. ఆయన ఒక కన్ను తెరిచాడు. పండు తీసుకుని, తొక్క వలిచి, తిన్నాడు. నైవేద్యం అందింది! బుద్ధున్నవాళ్లెవరైనా అక్కడితో వెనక్కి వచ్చేవాళ్లు. నేను చేతులు జోడించి ప్రదక్షిణ మొదలెట్టాను.

నేను తిరుగుతుంటే ఆయన తల కూడా నాతోపాటు తిరిగింది. మన గుళ్లో ఏ దేవుడూ అలా తిరిగి చూడడు. అనుమానం అక్కడే రావాలి. తర్వాత ఆయన ఆవులించాడు. లోపల కత్తిపీటలు పేర్చినట్టు కోరలు.

"రాజక్కా! ఏం చేస్తున్నావ్?" కీర్తన కేక.

"మొక్కు బిడ్డా, మొక్కు! గమ్మునుండు!"

"అది దేవుడు కాదు, బబూన్! వచ్చేయ్!"

"గట్లనకు, కండ్లు పోతయ్! లెంపలేసుకో!"

తను లెంపలేసుకునేలోపే అబాయా కింద ఏముందో మందకంతా తెలిసిపోయింది. ఒకటి కొంగులా అంచు పట్టుకుంది, ఇంకొకటి లోపల చెయ్యి పెట్టింది. నేను పరుగు.

"బాజీ, కేలా ఫేంకో! ఫేంకో!" చాయ్ గిన్నె పట్టుకుని ఖాన్ భాయ్ గంతులేస్తున్నాడు.

"ప్రసాదం ఎట్ల పారేస్తరయ్యా!" అని అత్తాన్ని పసిబిడ్డలా గుండెకు హత్తుకున్నాను. వడగళ్ల మీద కాలు జారింది. కొండ వాలున కూర్చున్న పళంగా జారుతూ సరాసరి కారు చక్రం దగ్గర తేలాను. చెదిరిన పళ్లు ఏరుకుని మంద కొండ దాటిపోయింది. మెల్లగా ఎండ ముదిరింది. బండలు మళ్లీ నల్లబడ్డాయి.

"అది లేచి నిలబడే దాకా ఆగుదామనుకున్నాను, రాజక్కా," అంది కీర్తన. "ఒక్కటీ తీయలేదు."

తిట్టినా బాగుండేది.

సాయంత్రం కెమెరా చూసుకుంటే, కంగారులో వేలు నొక్కుకుని ఒకే ఒక్క ఫొటో పడి ఉంది. తెల్లటి వాలు. ముందు నల్లగా, రెక్కలు చాచినట్టు అబాయా ఎగిరిపోతూ ఒక ఆకారం. వెనకాల మంద మొత్తం. ఇంకో దారి లేక కీర్తన దాన్నే పంపింది. కాసేపటికి లెక్చరర్ ఫోన్ చేశారు. స్పీకర్‌లో అందరం విన్నాం.

"బ్రహ్మాండం, కీర్తనా! ఇలాంటి ఫొటో నేను చూడలేదు. ప్రాజెక్టుకి తీసుకుంటున్నాను. ఒక్కటే సందేహం. మందను నడిపిస్తూ ముందు పరిగెత్తుతోందే, అన్నిటికన్నా పెద్దది... అది ఏ జాతి?"

కీర్తన నా వైపు చూసింది.

"జగిత్యాల, సార్."

ఆ నవ్వులు సద్దుమణగకముందే ఘనంగా ప్రతిజ్ఞ చేశాను: సూర్యచంద్రుల సాక్షిగా, ఊపిరి పీల్చే ఏ దేవుడి చుట్టూ ఈ జన్మలో తిరగను.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, వంటింటి కిటికీ గడియ పెట్టి, అల్మారా తలుపు లోపల అంటించుకున్న ఆంజనేయుడి పటం ముందు ఒక అరటిపండు పెట్టాను. దండం పెట్టుకున్నంతసేపూ ఒక కన్ను తెరిచే ఉంచాను.