ఊదుడు మామయ్య చెప్పేసిన మాట

ఆసుపత్రి రెండో అంతస్తులో, పిల్లల వార్డుకు వెళ్లే నడవా చివర, కిటికీ లేని చిన్న గది ఒకటుంది. అందులో పనిచేసే పెద్దమనిషిని పిల్లలంతా ఊదుడు మామయ్య అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. పాతికేళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసి, మోకాళ్లు సహకరించడం మానేశాక ఈ ఊదే యంత్రం దగ్గరికి వచ్చాడు.

ఉబ్బసం ఉన్న పిల్లల ఊపిరి గొట్టాలు లోపల వాస్తాయి. ఆ వాపు పైకి కనపడదు. పిల్ల నవ్వుతూ తుళ్లుతూనే ఉండవచ్చు. కానీ వాపు ఉన్నప్పుడు బయటికి వదిలే గాలిలో ఒక వాయువు పెరుగుతుంది. ఆ యంత్రం దాన్ని కొలిచి ఒక అంకె చూపిస్తుంది. ఇరవై లోపు ఉంటే నిశ్చింత. ముప్పై అయిదు దాటితే లోపల నిప్పు రాజుకుంటున్నట్టే.

నోరు పుక్కిలించు, ఊపిరంతా వదిలెయ్, గొట్టం పెదాలతో బిగబట్టి పీల్చు, ఇప్పుడు మెల్లిగా ఒకే తీరుగా ఊదు. రోజుకు ముప్పైసార్లు ఇదే పాట. తెరమీది బుడగ రెండు గీతల మధ్య నిలబడాలి. పిల్లలు ఊదుతుంటే తనూ బుగ్గలు పూరించి ఊదేవాడు. సాయంత్రానికి వాళ్లకంటే ఆయనకే ఎక్కువ ఆయాసంగా ఉండేది.

ఇంటికి వెళ్లేసరికి మాట్లాడటానికి ఇంకేమీ మిగిలేది కాదు, మిగిలినా వినేవాళ్లు లేరు. భార్య పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఆదివారం ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి, కుక్కర్ కూత వినపడగానే పెట్టేసేది. ఒక్కడి కోసం కంచం ఎందుకని గిన్నెలోనే కలుపుకుని, పొయ్యి దగ్గరే నిలబడి తినేసేవాడు.

ఆ రోజుల్లోనే ఆ ఎనిమిదేళ్ల పిల్ల రావడం మొదలుపెట్టింది. బక్కపలచగా ఉంటుందని వాళ్లమ్మ పిచ్చుక అని పిలిచేది. తండ్రి లేడు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టులో కుట్టుపని చేసేది. నెలనెలా మొదటి సోమవారం ఇద్దరూ వచ్చేవారు. మొదటిసారి అంకె నలభై ఆరు. తర్వాతి నెల యాభై రెండు. ఆ పైనెల యాభై ఎనిమిది. రక్తంలో అలర్జీకి పెరిగే కణాలు కూడా ఎక్కువగానే ఉన్నాయి. మందు సరిగా వాడటం లేదేమోనని డాక్టరమ్మకు అనుమానం. రెండు పూటలా తన చేత్తోనే పీల్పిస్తున్నానని తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంట్లో కుక్క గాని పిల్లి గాని ఉందా అన్న ప్రశ్నకు ప్రతిసారీ లేదనే చెప్పింది. ఆమెకు తెలిసినంతలో అది నిజమే.

యాభై ఎనిమిది వచ్చిన రోజున తల్లి మందుల కోసం కిందికి వెళ్లింది. పిల్ల కుర్చీలో కాళ్లాడిస్తూ యంత్రాన్ని ఎగాదిగా చూసింది.

"మామయ్యా, నేను ఇంటి దగ్గర ఏం చేస్తానో కూడా దీనికి తెలిసిపోతుందా?"

"ఏం చేస్తావేంటి, తల్లీ?"

"అమ్మకి చెప్పనంటే చెప్తా."

ఆయన నవ్వి, చెప్పనులే అన్నాడు. అంత తేలిగ్గా అన్న మాట తర్వాత అంత బరువవుతుందని అప్పుడు తోచలేదు.

వాళ్ల మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఒక బూడిదరంగు పిల్లి ఉంటుందట. బడి నుంచి వచ్చాక, అమ్మ వచ్చేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుందట. ఇంట్లో పిల్లి లేదు, మెట్ల కింద ఉంది, కాబట్టి అమ్మ లేదన్నప్పుడు తను ఊరుకోవడం అబద్ధం కాదట.

"మిగతా పిల్లలతో ఆడుకోవచ్చుగా?"

"వాళ్లు పరిగెడతారు. నాకు ఆయాసం వస్తుంది. అదైతే పరిగెత్తమనదు."

ఆ మాట ఆయన్ని రెండు రోజులు నిలవనివ్వలేదు. ముళ్లమీద కూర్చున్నట్టే పనిచేశాడు. చెప్పకపోతే పిల్ల ఏదో ఒకరోజు ఊపిరాడక పడిపోవచ్చు. చెబితే ఆ పిల్లకున్న ఒక్క తోడునూ తన నోటితోనే ఊడగొట్టినట్టవుతుంది. అడగడానికి ఎవరూ లేరు. చెల్లెలికి ఫోన్ చేయబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మానుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే వెళ్లి డాక్టరమ్మ చెవిన వేశాడు.

పిల్లి బొచ్చు పడదేమోనని పిల్లకు విడిగా రక్తపరీక్ష చేయించారు. అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజమైంది. పిచ్చుకకి పిల్లితో స్నేహమేమిటో అంటూ తల్లి నవ్వబోయి ఏడ్చేసింది. వాళ్ల బిల్డింగ్ వాచ్‌మన్ పిల్లిని సంచిలో వేసుకుని రెండు వీధుల అవతల కాగితాల గోడౌన్‌లో వదిలి వచ్చాడు.

తర్వాతి నెల అంకె ముప్పై ఒకటి. పిల్ల ఊదడం అయ్యాక గొట్టం బల్లమీద పెట్టి, మొదటిసారి ఆయన కళ్లల్లోకి చూసింది.

"చెప్పనన్నారుగా."

"అన్నాను, తల్లీ."

నీ మంచికోసమే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది గాని, ఆ వయసు పిల్లకు దాన్ని ఎన్నిసార్లు వినిపించి ఉంటారో తలచుకుని మింగేశాడు. పై నెల ఇరవై రెండు. అంకె చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల మాత్రం గోడవైపు చూస్తూ లేచి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం, పిచ్చుక తల్లి చెప్పిన గుర్తులతో, ఆయన ఆ గోడౌన్ వెతుక్కుంటూ వెళ్లాడు. కాపలాదారు అనుమానంగా చూసి, ఆ పిల్లి మీదా అని అడిగాడు. కాదన్నాడు. పాత పుస్తకాల కట్టల మీద అది ఒళ్లు విరుచుకుని పడుకుని ఉంది, కాస్త బలిసింది కూడా. దగ్గరికొచ్చి కాళ్లకు రాసుకోబోతే వెనక్కి జరిగాడు. దాని బొచ్చు చొక్కాకు అంటుకుంటే రేపు గదిలో ఏ పిల్లకు దగ్గొస్తుందో.

తర్వాతి నెల సోమవారం పుక్కిలించడానికి నీళ్లిస్తూ, నీ పిల్లిని చూసొచ్చానని మెల్లిగా చెప్పాడు. పిల్ల గ్లాసు పట్టుకుని ఆగిపోయింది.

"నన్ను అడిగిందా?"

ఔనంటే సరిపోయేది. కానీ ఈ పిల్ల దగ్గర ఇంకో మాట తప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"పిల్లులు అడగవమ్మా. బాగా తింటోంది. ఎండలో పడుకుంటోంది."

పిల్ల తలూపింది. నీళ్లు పుక్కిలించింది. ఊదింది. బుడగ అటూ ఇటూ కదలకుండా నిలబడింది. పదిహేడు. వెళ్లేటప్పుడు థాంక్స్ అనలేదు గాని, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

ఇక ఆర్నెల్లకోసారి వస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు కింద పిల్లలతో పరుగులు పెడుతోందని, కేకేస్తే గాని ఇంట్లోకి రావట్లేదని తల్లి నడవాలో ఎదురుపడి చెప్పింది. ఆ ఆర్నెల్లు నిండకముందే ఆయన రిటైరయ్యాడు. గదిలోకి కొత్తమ్మాయి వచ్చింది.

పిల్ల రావలసిన సోమవారం దాటాక, ఉండబట్టలేక ఆ గదికి ఫోన్ చేశాడు. పిచ్చుక వచ్చిందా అని అడిగాడు.

"పిచ్చుకేంటండీ? ఫైలు నెంబరు చెప్పండి."

ఆ గదిలో పనిచేసిన ఆరేళ్లలో ఒక్క పిల్ల నెంబరు కూడా ఆయన గుర్తుపెట్టుకోలేదు. ఏం లేదమ్మా, ఊరికే చేశానన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, కట్ చేయడం మరిచి, ఎవరో పిల్లతో మాటల్లో పడింది. ఆయన కాసేపు విని, తనే పెట్టేశాడు.