ప్రతి స్టాపులోనూ ఆగే హార్మోనియం

మా మామగారు ముప్ఫై ఏళ్ళకు పైగా బస్సు నడిపారు. రిటైరయ్యాక నడపడానికి బస్సు లేక ఇంట్లోవాళ్ళను నడపడం మొదలుపెట్టారు. నేను కూరలు తరుగుతుంటే "నిదానం, నిదానం" అనేవారు. మా ఆయన స్నానానికి వెళితే "ఇంకా ఎంతసేపురా?" అని తలుపు బాదేవారు. ఈయనతో వేగలేకపోతున్నానని మా అమ్మ దగ్గర మొరపెట్టుకున్నాను.

మా అమ్మ ఒకప్పుడు టైపు నేర్పే టీచరు. ఇప్పుడు లాండ్రీ కొట్టు మీది గదిలో తన ఈడువాళ్ళను పోగేసి పాటల బృందం నడుపుతోంది. మామగారికి చిన్నప్పుడు హార్మోనియం వచ్చునట. వెంటనే పంపించాను, పీడ విరగడైందనుకుంటూ.

మనిషి మారిపోయారు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూనిరాగం తీస్తూ తయారు. బృందంలోని దర్జీ తాత ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. ఇద్దరూ టీ తాగి, చిన్నపిల్లల్లా నవ్వుకుంటూ ఇంటికొచ్చేవారు. నా కూరల జోలికి రావడం మానేశారు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన ప్రతి పాదం చివరా ఆగేవారు. అందరి మొహాలూ చూసి, ఎవరూ వెనకబడలేదని నమ్మకం కుదిరాకే తర్వాతి పాదం ఎత్తుకునేవారు. మా అమ్మేమో జీవితమంతా "వేగం, వేగం" అని పిల్లల ప్రాణం తోడిన మనిషి.

"అన్నయ్యగారూ, ఇది పాటండీ, బస్సు కాదు" అనేది.

"అలాగే చెల్లెమ్మగారూ" అనేవారు. మళ్ళీ ఆగేవారు.

గ్రంథాలయం వార్షికోత్సవంలో పాడమని పిలుపొచ్చింది. అమ్మ పాటకు తాళం వేసే కరెంటు పెట్టె ఒకటి కొనేసి, "ఈసారికి మీరు ముందు వరసలో కూర్చుని వినండి" అంది. ఈసారికి అంటే ఇక ఎప్పటికీ అని మామగారికి అర్థమైంది. ఆ పూట కూర ఉప్పు కషాయమైనా అలాగే తినేసి లేచారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మతో పోట్లాడాను. "పాట పాటే, చుట్టరికం చుట్టరికమే" అంది మహాతల్లి.

వార్షికోత్సవం రోజు పెట్టె టకటకమంటూ బయలుదేరింది. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణంలో దర్జీ తాత ఊపిరందక నోరు తెరిచి ఊరుకున్నాడు. కట్టుడుపళ్ళ పెద్దమ్మ దగ్గు అందుకుంది. మా అమ్మ ఒక్కతే కొంతదూరం పరుగెత్తి, కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. పెట్టె మాత్రం ఆగదు. దాన్ని ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఎవరికీ తెలియదు.

మామగారు లేచారు. "ఆపండయ్యా! పెద్దవాళ్ళు ఎక్కుతున్నారు, కనబడట్లేదా?" అని హాలు దద్దరిల్లేలా అరిచి, వేదికెక్కి ప్లగ్గు పీకేశారు. జనం పగలబడి నవ్వారు. శ్రుతి కోసం పెట్టిన హార్మోనియాన్ని ఆయన ముందుకు లాక్కున్నారు.

అమ్మ రొప్పుతూనే, "నెమ్మదిగా పోనివ్వండి అన్నయ్యగారూ" అంది. ఆ నోట నెమ్మది అన్న మాట వినడం నాకదే మొదలు.

పాదానికోసారి ఆగారు. మొహాలు చూశారు. అందరూ తీరిగ్గా ఊపిరి పీల్చుకుని హాయిగా పాడారు. చివరి చరణమూ అయిపోయింది. చప్పట్లు మోగుతున్నా ఆయన వేళ్ళు హార్మోనియం మెట్ల మీదనుంచి లేవలేదు. మళ్ళీ పల్లవి ఎత్తుకున్నారు.

"అయిపోయిందండీ, ఇక దిగుదాం" అంది అమ్మ గుసగుసగా.

మామగారు ఒక్కొక్కరి మొహమూ చూశారు.

"దిగేవాళ్ళెవరూ కనబడట్లేదు చెల్లెమ్మగారూ" అని పోనిచ్చారు.