దొరబండి మీద నలభై

మల్కాపురంలో ఆదివారం పొద్దున్నే ముందు ఒక దగ్గు వినిపించేది. ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ దగ్గు. ఆపైన ఎవరో పెద్దమనిషి తీరిగ్గా తలుపు తడుతున్నట్టు దడ్... దడ్... దడ్. వీధిలో ఆడవాళ్ళు పాలగిన్నె మీద మూత సర్దుతూ "గవర్రాజు లేచాడు" అనుకునేవారు. గవర్రాజు ఇంకా కనిపించడు. ముందు చప్పుడు, చప్పుడు వెనక నీలం పొగ, పొగలోంచి నూనె రాసి దువ్విన తల, ఆ తల వెనక, ఎడమ భుజం మీదుగా, రెండు కళ్ళు.

ఆ కళ్ళు వరహాలమ్మవి. అవి దారి వైపు చూడవు. మీటరు వైపే చూస్తాయి.

గవర్రాజుది అనకాపల్లి పక్కన బెల్లం వండే ఊరు. పోర్టులో క్రేను నడిపేవాడు. తాడిచెట్టు కన్నా ఎత్తున గాజుగదిలో కూర్చుని, ఓడ కడుపులోంచి టన్నుల బరువు ఎత్తి, ఉయ్యాల్లో బిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా లారీలో దించే చేతులు ఆయనవి. నేల మీదికి దిగాక మాత్రం ఆ చేతులకి కాస్త తొందర. ఎనభై మూడులో, రిటైరై వెళ్ళిపోతున్న ఒక పోర్టు ఆఫీసరు దగ్గర ఈ మోటారుసైకిలు కొన్నాడు. యాభైల్లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిందట. టాంకు మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. వీధివాళ్ళు "దొరబండి" అని పిలిచి ఆ లోటు తీర్చారు.

ఆ ఏడే పెళ్ళి. వరహాలమ్మది సబ్బవరం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆమె మేనమామ స్కూటరు మీంచి పడి, అప్పట్నుంచీ ఒక కాలు ఈడుస్తూ నడిచేవాడు. కొత్త జంట అనకాపల్లి నూకాలమ్మ గుడికి వెళ్ళినప్పుడు, మెట్ల దగ్గర ఆగి ఆమె తన షరతు చెప్పింది.

"ఆ ముల్లు నలబై దాటనీనని అమ్మోరి మీద ఒట్టెయ్ మావా. అప్పుడే నీ బండెక్కుతాను."

కొత్త పెళ్ళాం అడిగితే గవర్రాజు ఇరవైకి కూడా ఒప్పుకునేవాడే. ఒట్టు వేశాడు.

పదిహేనేళ్ళు నిలబెట్టుకున్నాడు కూడా. ప్రతి ఆదివారం చేపలకని జాలరిపేటకి బీచిరోడ్డు మీద వెళ్ళేవారు. కుడివైపు సముద్రం ఎండని చిల్లరగా మార్చుకుంటూ ఉండేది. ముల్లు నలభై దగ్గరికి వచ్చి, వేటకు కాచుకున్న బల్లిలా ఆగేది. వెంట్రుకవాసి దాటబోతే డొక్కలో గిల్లు పడేది. వరహాలమ్మ కొంగు మాత్రం వెనక జెండాలా రెపరెపలాడేది. దారిలో స్కూటర్లన్నీ వెనకబడిపోయేవి. నలభైలో పోతూ అన్నిటినీ ఎలా దాటేస్తున్నాం అన్న అనుమానం ఇద్దరికీ రాలేదు. దూరం చూపే అంకెలు కొన్నప్పటికే బిగుసుకుపోయాయి కాబట్టి, లెక్క చూసుకునే దారీ లేదు. ఎవరన్నా అడిగితే గవర్రాజు మీసం సవరించుకుని "దొరలు సేసిన ఇనుం బావ, దీని నలబై వేరు" అనేవాడు. అంతకన్నా నిజం ఆయన జీవితంలో పలకలేదు. పలికినట్టు ఆయనకే తెలీదు.

అసలు గొడవ దీపం తెచ్చింది. ఆరు వోల్టుల లైటు. బండి జోరు పెంచితే వెలిగేది, తగ్గిస్తే మిణుగురయ్యేది. గుంత కనిపించాలంటే జోరుగా పోవాలి, జోరుగా పోతే గుంతలో ఉండాలి. తొంభై ఎనిమిది వానాకాలంలో, ఓ సాయంత్రం మసకచీకట్లో, ఒంటరిగా వస్తూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర రోడ్డు మీద పడుకున్న గేదెను గుద్దాడు. గేదె నెమరు ఆపలేదు, లేవలేదు. గవర్రాజే లేచాడు.

మర్నాడు కంచరపాలెంలో మెకానిక్ ఎల్లారావు షెడ్డుకి బండిని నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు.

"పన్నెండు వోల్టుల లైటెట్టేత్తాను బావ," అన్నాడు ఎల్లారావు. "ఇంక గేదె కనురెప్పలు కూడా లెక్కెట్టుకోవచ్చు. కానీ మీటర్లు ఈ డూమ్‌లోనే బిగించేసున్నాయి. డూమ్ మారితే అవీ మారాల."

డూమ్ అంటే లైటును కడుపులో దాచుకునే గుండ్రటి ఇనపగిన్నె. రెండురోజులు గవర్రాజు సెలవు పెట్టి ఆ పక్కనే కూర్చున్నాడు. గిన్నె విప్పితే లోపల గుడ్డ చుట్టిన తీగలు ముసలిచేతి నరాల్లా బయటపడ్డాయి. కొత్త డైనమో, కొత్త బ్యాటరీ, కొత్త డూమ్, అందులో తెల్లముఖం మీటరు ఒకటి, కరెంటు చూపే బుల్లి మీటరు ఇంకొకటి. చక్రం దగ్గర్నుంచి మీటరుకి వచ్చే కేబులు కూడా మార్చాడు ఎల్లారావు. పాతవి ఒక కిరసనాయిలు డబ్బాలోకి వెళ్ళాయి.

ఆ ఆదివారం బీచిరోడ్డు ఖాళీగా ఉంది. గవర్రాజు చెయ్యి తనకి అలవాటైన చోటికి తిరిగింది. ఇంజను పాత రాగమే అందుకుంది. ఈసారి డొక్కలో గిల్లు పడలేదు. చెవిలో కేక పడింది.

"ఆపు! ఆపుతావా, దూకీమన్నావా?"

"ఏటైనాది?"

"అరవయ్యైదు! మీటరు కొత్తదైతే ఒట్టు పాతదైపోద్దేటి?"

"రోజులాగే నడుపుతన్నాను వరాలూ!"

"అది నాకాడ కాదు, అమ్మోరికాడ సెప్పుకో."

దిగిపోయింది. నడిచి జాలరిపేట వెళ్ళింది, వంజరం బేరమాడింది, ఆ చేపతో సహా సిటీబస్సెక్కి ఇంటికొచ్చింది. ఇంక ఆ బండి ఎక్కనంది. మూడు వారాలు ఎక్కలేదు. గవర్రాజు ఒక్కడే తిరిగాడు. ఎడమచెవి పక్కన ఊపిరి లేదు. డొక్క మీద పదిహేనేళ్ళ నీలిమచ్చ మెల్లగా మాసిపోతుంటే, ఆయనకి ఎందుకో సొంత ఇంటి తాళంచెవి పోయినట్టుండేది.

చివరికి షెడ్డు మీద పడ్డాడు. "నీ మీటరు అబద్ధాలాడతంది ఎల్లారావూ."

"నా పనికి వంకెట్టకు బావ." ఎల్లారావు తన స్కూటరు తీశాడు. ఇద్దరూ పక్కపక్కనే నడిపారు. దాని మీటరు నలభై అంటే దీనిదీ నలభై అంది. ఎల్లారావుకి పట్టుదల వచ్చింది. డబ్బాలోంచి పాత మీటరు తీసి, గాజు కింది అంచున పేరుకున్న మడ్డిని గుడ్డతో రుద్దాడు. ముల్లు కింద, చీమల్లాంటి మూడు ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి.

"ఎమ్మూ, పీ, హెచ్చి," అని చదివి, ఎల్లారావు షెడ్డు కప్పు ఎగిరేలా నవ్వాడు. "ఇవి మైళ్ళు బావా! దొర నలబై అంటే మన అరవయ్యైదు!"

గవర్రాజు ఉన్నపాటున టైరు మీద కూలబడ్డాడు. పదిహేనేళ్ళ ఆదివారాలన్నీ ఒక్కసారిగా ఆయన ముందు నుంచి అరవై ఐదులో దూసుకుపోయాయి.

"కొత్తది పాడైపోనాదని సెప్పీ," అన్నాడు ఎల్లారావు గొంతు తగ్గించి. "పాతదే మళ్ళీ ఎట్టేత్తాను. ఎవులికి తెలుత్తాది?"

గవర్రాజు పాత మీటరును అతని చేతిలోంచి తీసుకున్నాడు. "అమ్మోరిని ఎలాగో బతిమాలుకోవచ్చురా," అన్నాడు. "వరాలుతో కష్టం."

పాత మీటరును జేబురుమాల్లో చుట్టుకుని ఇంటికెళ్ళాడు. వరహాలమ్మ చింతపండులో పిక్కలు తీస్తోంది. ఆమె ముందు పెట్టి, మైళ్ళ సంగతి చెప్పాడు. "పదిహేనేళ్ళు నిన్ను అరవయ్యైదులో తిప్పాను. తెలీక సేశాను. అయినా తప్పే."

ఆమె మీటరును అటూ ఇటూ తిప్పింది. ముల్లు సున్నా మీద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

"రేపు నూకాలమ్మకాడికెల్దాం. ఆయమ్మకి సెప్పు."

"బస్సులోనా?"

"బండి మీదేసిన ఒట్టు. బండి మీదే ఎల్లాల. కొత్త నలబైలో."

వెళ్ళారు. రోడ్డు ఎప్పుడూ లేనంత పొడుగైపోయింది. లారీలు హారన్లతో తిట్టాయి. మోపెడ్లు దాటాయి. రెండు పాలక్యాన్లు కట్టుకున్న ఓ ముసలాయన పక్కగా పోతూ "పెట్రోలైపోనాదేటి బాబూ?" అని జాలిపడ్డాడు. వరహాలమ్మ కొంగు తడిగుడ్డలా భుజం మీద పడి ఉంది. ఆమె రెండుసార్లు ఆవులించింది.

గుళ్ళో గవర్రాజు కళ్ళు మూసుకుని తప్పు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. సగంలో పక్కనుంచి గొంతు అడ్డొచ్చింది.

"ఆగు మావా. తల్లీ, నానేటన్నాను? ముల్లు నలబై దాటకూడదన్నాను. దాటలేదు. పదిహేనేళ్ళు నా కళ్ళతో సూశాను. సాచ్చికం నానే."

అమ్మవారు కాదనలేదు.

తిరుగుదారిలో వరహాలమ్మ, లంకెలపాలెం దాటిన తర్వాత అడిగింది. "ఆ కొత్త డూమ్‌కి కన్నం పెద్దది సెయ్యగలడా ఎల్లారావు?"

"ఎందుకే?"

"పాత మీటరు పట్టించడానికి. ఈ తెల్లముకంది నాకు గాబరా ఎడతంది."

గవర్రాజు డొక్కలో గిల్లు పడింది.

"ముప్పై ఐదులో ఉన్నాను కదే! ఎందుకు గిల్లావు?"

"నవ్వుతన్నావు. ఈపు సూత్తే తెలీదేటి?"

రెండువేల ఆరులోనూ ఆ బండి అలాగే ఉంది. లైటు కొత్తది, అందులో కూర్చున్న మీటరు పాతది. ఆ మూడు చీమల మీద ఎవరో చిన్న కుంకుమబొట్టు పెట్టారు. ఎవరని గవర్రాజు అడగలేదు. ఆ ఏడు ఈ సంగతులు అడిగి రాసుకోడానికి వచ్చిన నన్ను, బస్టాపులో దింపుతానని ఓ సాయంత్రం వెనక ఎక్కించుకున్నాడు. గుమ్మంలోంచి వరహాలమ్మ "మెల్లగా" అంది, పెదవి కొనలో ఏదో దాచుకుంటూ. ఒక దగ్గు. నిశ్శబ్దం. మళ్ళీ దగ్గు. గవర్రాజు వెనక్కి తిరిగి, ధైర్యం చెప్పే పెద్దమనిషిలా చూశాడు.

"గట్టిగా పట్టుకోండి బాబూ. బయమేటీ లేదు, నలబై దాటను."