తొందరేం లేదన్న పాపానికి

“గదిలో పన్నెండు డిగ్రీలే ఉంది. పిల్లాడికి నెమ్ము చేస్తే?” అంది టామ్సిన్, ఉయ్యాల పక్కన థర్మామీటర్ పట్టుకుని.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో జనవరి నెల. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చెడిపోయింది. ఇలాంటి ఆపదకే ఆమె ఏళ్లుగా ఇన్సూరెన్సు కడుతోంది. అయినా కంపెనీ మరమ్మతు చేయించనంది. ఫోన్లో ఆమె, “ఇబ్బంది పెడుతున్నందుకు సారీ, తొందరేం లేదు, మీకు వీలైనప్పుడే,” అందట; ఆ మాట రికార్డయి ఉందట. తొందర లేనిది ఎమర్జెన్సీ ఎలా అవుతుందని వాళ్ల వాదన. ఆ ఊళ్లో ఇల్లు తగలబడుతున్నా జనం ఫైరింజన్ని అలాగే పిలుస్తారని కంపెనీవారికి తెలియదు, పాపం!

పక్కింటి మేవిస్ ఓగ్డెన్ బడి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి. మారు వడ్డించమనడానికి హెడ్‌మాస్టరే జంకేవాడు. ఆమె వచ్చి ఫోన్ అందుకుంది.

“మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి మేడమ్,” అన్నాడు అవతలి కుర్రాడు.

“అంటే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టేగా, నాయనా?”

“అయ్యో, అది ఊరికే మర్యాదకి అన్నానండీ!”

“మా పిల్ల కూడా మర్యాదకే అంది. నీ మాటకి నువ్వు కట్టుబడనప్పుడు, దాని మాటకి దాన్నెందుకు కట్టేస్తావు? ఇదీ రికార్డయిందిగా, మీ పెద్దలకి వినిపించు!”

సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చాడు. గుమ్మంలోనే “సారీ, మీకు శ్రమ...” అనబోయిన టామ్సిన్‌కి మేవిస్ ఒక సలహా ఇచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేసినా టామ్సిన్ ఇప్పుడు దాన్నే పాటిస్తోంది.

“ముందు ఏం చెడిందో చెప్పు, ఇంట్లో పసివాడున్నాడని చెప్పు. సారీ ఏదైనా మిగిలితే, పనయ్యాక టీతో పాటు ఇద్దువుగాని, తల్లీ.”