అది రాజుల సంగతి

పుస్తకం చదివితే లోకం అర్థమైపోతుందని నమ్మిన వెర్రివాణ్ణి నేను. తెల్లదొరలు వెళ్లిన కొత్తల్లో, మద్రాసు బస్సులో, జార్జి టౌన్‌లో కూతురి సంబంధం ఖాయం చేసుకుని వస్తున్న ఒక పెద్దమనిషికి, ఆయన సమ్మతి అడక్కుండానే ఉపన్యాసమిచ్చాను: మనిషి పుట్టుకతో స్వతంత్రుడు, ప్రజల సమ్మతి లేని ప్రభుత్వం చెల్లదు.

ముందు సీట్లోంచి ఆ కూతురు తిరిగింది. "అట్లయితే మా నాయన దొరతనం చెల్లదు గదా సార్? పెండ్లికి నన్నెవురూ అడగలా."

"నోరు జాస్తి దీనికి!" అని ఆయన నవ్వాడు.

నేనూ నవ్వి, "అది రాజుల సంగతమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. తండ్రి వెనకే చింతాద్రిపేటలో దిగిపోయింది. 'మీకిష్టమేనా?' అని నేనైనా అడగలేదే అని, ఆ పేట మీదుగా వెళ్లినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆమె కోసం వెతుక్కుంటాను.

తర్వాత మా చెల్లెలి పెళ్లిచూపుల్లో, "అమ్మాయి నచ్చింది" అంటూ మగపెళ్లివారు లేవబోతే కూర్చోబెట్టాను. "మీరు అమ్మాయికి నచ్చొద్దూ!" చెల్లెలు లోపల తీరిగ్గా ఆలోచించుకుంది. బయట వాళ్ల కాఫీలు చల్లారిపోయాయి.